లీగ్ టైటిల్ ఒక్కటీ లేని బ్రూనో ఫెర్నాండెస్‌కి ఇంత ఆదరణ ఎందుకు?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ 2024-25లో ప్రీమియర్ లీగ్‌లో 15వ స్థానంలో ముగించింది, ఆ జట్టులోని పోర్చుగల్ మిడ్‌ఫీల్డర్ బ్రూనో ఫెర్నాండెస్ ఏ దేశంలోనూ లీగ్ గెలవలేదు, పాస్‌లు ఎడాపెడా పోగొడతాడు, ఊరికే చేతులు విసురుతాడు. అయినా అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. అతని కెరీర్ అసలు ఎలా సాగింది, ఈ పేరు న్యాయమైనదేనా?

న్యాయమైనదే. ఇంకా చెప్పాలంటే, మీరు తప్పుగా చూస్తున్న పాస్‌లు పోగొట్టడమే ఆ పేరుకి మూలం. పది ప్రయత్నాల్లో ఆరు పోయినా ఫర్వాలేదు, మిగతా నాలుగులో ఒకటి గోల్ కావాలి అన్న లెక్కతో ఆడే ఆటగాడు అతను. ఆ లెక్క పనిచేయాలంటే ప్రతి మ్యాచ్‌లో మైదానంలో ఉండాలి, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. రెండూ చేశాడు. పైగా అతను పేరు తెచ్చుకున్న క్లబ్బులు రెండూ, స్పోర్టింగ్, యునైటెడ్, గందరగోళంలో ఉన్నప్పుడే ఆడాడు, వదిలిపోయే దారి ఉన్నా ఉండిపోయాడు. అభిమానులు మర్చిపోనిది అది.

ఇక వివరాల్లోకి వెళ్దాం.

ఇటలీలో ఐదేళ్లు: ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం

1994 సెప్టెంబరు 8న పోర్తో పక్కనున్న మాయాలో పుట్టాడు. పోర్చుగల్ నుంచి వచ్చే ప్రతిభావంతులు సాధారణంగా స్పోర్టింగ్, బెన్ఫికా, పోర్తో అకాడమీల్లో తయారవుతారు. ఇతను ఆ మూడింటిలోనూ లేడు. ఇన్ఫెస్టా అనే చిన్న క్లబ్, తర్వాత బోవిష్టా. 2012లో, పదిహేడేళ్లు దాటి పద్దెనిమిది నిండకముందే, ఇటలీ రెండో శ్రేణి లీగ్ అయిన సీరీ బీలోని నొవారాకి వెళ్లిపోయాడు. సొంత దేశంలో సీనియర్ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే.

మరుసటి ఏడాది ఉదినేజె. మూడు సీజన్లు అక్కడే. 2013 డిసెంబరులో నాపోలీ మీద గాల్లో తేలి కొట్టిన గోల్ కోసం ఇప్పటికీ వెతికి చూసేవాళ్లున్నారు, ఆ మ్యాచ్ 3-3తో ముగిసింది. 2016-17లో లోన్ మీద సాంప్డోరియా: 33 లీగ్ మ్యాచ్‌లు, 5 గోల్స్. ఈ అంకెలు చూసి ఎవరూ పెద్ద స్టార్ అనరు.

ఈ ఐదేళ్లు వృథా అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ రోజుల ఇటలీలో మిడ్‌ఫీల్డర్‌కి దొరికే ఖాళీ చాలా తక్కువ. బంతి అందుకోకముందే తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడటం, వచ్చిన బంతిని ఆపకుండా ఒక్క టచ్‌లో పంపడం అక్కడ బతకాలంటే తప్పనిసరి. యునైటెడ్‌లో అతని మీద వీడియోలు చేసినవాళ్లు మెచ్చుకునే అలవాట్లు ఇవే. ఇంగ్లండ్‌లో ఖాళీ కాస్త ఎక్కువ దొరికేసరికి అవే అలవాట్లు గోల్స్‌గా, అసిస్ట్‌లుగా (గోల్‌కి దారితీసే ఆఖరి పాస్‌లుగా) మారాయి.

స్పోర్టింగ్: పేరు మొదలైంది ఇక్కడ

2017 జూన్‌లో లిస్బన్ క్లబ్ స్పోర్టింగ్ సుమారు 85 లక్షల యూరోలకు కొంది. మొదటి సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 16 గోల్స్, పోర్చుగల్ లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు.

ఆ తర్వాత 2018 మే 15. అల్కోషెట్‌లోని స్పోర్టింగ్ శిక్షణ కేంద్రంలోకి ముసుగులు వేసుకున్న దాదాపు యాభై మంది చొరబడి సొంత జట్టు ఆటగాళ్లనే, సిబ్బందినే కొట్టారు. జట్టు స్ట్రైకర్ బాస్ దోస్త్ తలకి గాయమై కట్టుతో ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఐదు రోజులకే కప్ ఫైనల్, చిన్న జట్టు ఆవెస్ చేతిలో 1-2 ఓటమి. తర్వాత ఆటగాళ్లు వరుసగా కాంట్రాక్టులు రద్దు చేసుకున్నారు: రుయి పట్రీసియో, విలియం కర్వాల్యో, జెల్సన్ మార్టిన్స్, అప్పటికి కుర్రాడైన రఫాయెల్ లియావ్. బ్రూనో కూడా రద్దు చేసుకున్నవాడే. కానీ క్లబ్ అధ్యక్షుడు పదవి పోగొట్టుకున్నాక, జులైలో కొత్త కాంట్రాక్టుతో తిరిగి వచ్చాడు. దోస్త్, బతాలియా కూడా వచ్చారు.

తిరిగొచ్చిన సీజన్, 2018-19లో, అన్ని పోటీల్లో 53 మ్యాచ్‌లు, 32 గోల్స్. అందులో లీగ్‌లోనే 20. గుర్తుపెట్టుకోండి, ఇతను స్ట్రైకర్ కాదు. లీగ్ కప్ రెండోసారి గెలిచారు. మే 25న పోర్చుగల్ కప్ ఫైనల్లో పోర్తో మీద ఇతను గోల్ కొట్టాడు, 2-2 తర్వాత పెనాల్టీల్లో కప్పు స్పోర్టింగ్‌దే. సెమీస్‌లో అదే ఊరి ప్రత్యర్థి బెన్ఫికా మీద రెండు మ్యాచ్‌లలోనూ స్పోర్టింగ్ గోల్స్ ఇతనివే. లిస్బన్‌లో అంతకు మించి పేరు తెచ్చేది ఇంకేం ఉంటుంది?

విచిత్రం ఏంటంటే, స్పోర్టింగ్ పంతొమ్మిదేళ్ల తర్వాత లీగ్ గెలిచింది 2020-21లో. అప్పటికి ఇతను వెళ్లిపోయి ఏడాది దాటింది. లీగ్ టైటిల్ విషయంలో అదృష్టం లేదని చెప్పొచ్చు, చేతకాలేదని మాత్రం అనలేం.

యునైటెడ్: మొదటి ఆరు నెలలు చూస్తే చాలు

2020 జనవరి 30న సంతకం. ముందుగా 5.5 కోట్ల యూరోలు, షరతులన్నీ నెరవేరితే 8 కోట్ల దాకా. అప్పటికి జట్టు ఐదో స్థానంలో ఉంది, ఆట మరీ నీరసంగా ఉంది. ఫిబ్రవరి 1న వోల్వ్స్‌తో 0-0 అతని మొదటి మ్యాచ్. అక్కణ్నుంచి సీజన్ చివరిదాకా అతను ఆడిన 14 లీగ్ మ్యాచ్‌ల్లో యునైటెడ్ ఒక్కటీ ఓడలేదు. 8 గోల్స్, 7 అసిస్ట్‌లు. చివరి రోజు లెస్టర్‌లో పెనాల్టీ కూడా అతనిదే, జట్టు మూడో స్థానంతో చాంపియన్స్ లీగ్‌కి వెళ్లింది. 2020లో ఫిబ్రవరి, జూన్, నవంబరు, డిసెంబరు నెలలకు ప్రీమియర్ లీగ్ నెల ఉత్తమ ఆటగాడు అతనే. ఒక క్యాలెండర్ ఏడాదిలో నాలుగుసార్లు ఈ అవార్డు అంతకు ముందు ఎవరికీ రాలేదు.

కానీ అభిమానుల గుండెల్లోకి దూరింది అంకెలతో కాదు, అదే 2020లో మార్చి 8న మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో. ఆ ఫ్రీకిక్ ఒకసారి చూడండి. సిటీ డిఫెండర్లు ఇంకా సర్దుకుంటున్నారు. బ్రూనో బంతి దగ్గర మామూలుగా నిలబడి ఉన్నాడు, నేరుగా గోల్‌కి కొడతాడనో బాక్స్‌లోకి (గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలోకి) ఎత్తి వేస్తాడనో అందరూ అనుకుంటున్నారు. అతను బంతి కింద కాలు పెట్టి పైకి లేపాడు, అంతే. అది డిఫెన్స్ గోడ మీదుగా వెళ్లి సహచరుడు మార్షియాల్ ముందు పడింది, మార్షియాల్ నేల తాకీ తాకకముందే కొట్టాడు. ఈ ఒక్క పాస్‌లో అతని ఆట మొత్తం ఉంది: ఎదుటివాళ్లు సిద్ధం కాకముందే ప్రమాదకరమైన దారి ఎంచుకోవడం. అది పోయుంటే, ఫ్రీకిక్ వృథా చేశాడని అందరూ తిట్టేవాళ్లే. అదే మ్యాచ్‌లో గార్డియోలా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టి ష్ష్ అన్నాడు. కొత్తగా వచ్చిన వాడు సిటీ కోచ్‌కి అలా చెప్పడం స్టాండ్స్‌కి ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోండి.

2020-21లో అన్ని పోటీల్లో 28 గోల్స్, లీగ్‌లో 18. ఆ తర్వాత అంకెలు తగ్గాయి: 10, 14, 15, 2024-25లో 19. 2025 సెప్టెంబరులో చెల్సీ మీద యునైటెడ్ తరఫున 100వ గోల్. మిడ్‌ఫీల్డర్‌కి, అదీ ఇంతమంది కోచ్‌లు మారిన కాలంలో, ఇది చిన్న విషయం కాదు.

అంకెలు ఎందుకు తగ్గాయి? 2021 ఆగస్టులో లీడ్స్ మీద హ్యాట్రిక్‌తో సీజన్ మొదలుపెట్టాడు. నెల తిరక్కముందే రొనాల్డో వచ్చాడు, పెనాల్టీలు చేతులు మారాయి, బాక్స్ ముందు ఖాళీ ఇరుకైంది. తర్వాత కోచ్‌లుగా రాంగ్‌నిక్, టెన్ హాగ్, అమోరిమ్: ఒక్కొక్కరి దగ్గర ఒక్కో చోటు. స్ట్రైకర్ వెనక, కుడివైపు, కొన్నిసార్లు ముందు, అమోరిమ్ దగ్గర ఇద్దరు మిడ్‌ఫీల్డర్ల జంటలో ఒకడిగా బాగా వెనక. వెనక ఆడితే అతని పాస్‌లు పొడవవుతాయి, పోగొట్టేవి పెరుగుతాయి, గోల్‌కి దూరమవుతాడు. పైగా మధ్యలోంచి దూసుకొచ్చే ఎదుటి జట్టు ఆటగాడి వెంట పడే పని అతనిది అవుతుంది, అందులో అతను సగటు మాత్రమే. ఎదుటి బాక్స్‌కి దగ్గరగా ఉంచినంత కాలం అతను ఒక ఆటగాడు, నలభై గజాలు వెనక పెడితే మరొకడు.

పెనాల్టీల సంగతి

అతని గోల్స్‌లో పెనాల్టీలు చాలానే ఉన్నాయని వెక్కిరించేవాళ్లు ఉంటారు. పెనాల్టీ కొట్టడం కూడా పనే అని నా అభిప్రాయం, కాబట్టి అతని పద్ధతి చెప్తాను.

నెమ్మదిగా నడిచినట్టు మొదలుపెడతాడు. బంతికి ఒక అడుగు ముందు చిన్న గెంతు, రెండు కాళ్లూ నేల విడుస్తాయి. ఆ గెంతులో కళ్లు బంతి మీద ఉండవు, కీపర్ మీద ఉంటాయి. కీపర్ ఏ వైపు బరువు వేశాడో చూసి, ఎడమ కాలు నేలకి ఆనించి, కుడి కాలి లోపలి అంచుతో రెండో వైపుకి నెడతాడు. పరుగు మధ్యలో ఇలా మోసం చేయడం నిబంధనల్లో తప్పు కాదు. పరుగు పూర్తయ్యాక బంతి దగ్గర ఆగి మోసం చేస్తేనే ఎల్లో కార్డు, ఎదుటి జట్టుకి పరోక్ష ఫ్రీకిక్.

ఎక్కడ దెబ్బతింటుంది? కీపర్ కదలకపోతే. గెంతేసరికి పరుగు వేగం అంతా పోతుంది, కీపర్ నిలబడి ఉంటే మిగిలేది నెమ్మదైన షాట్. కాబట్టి గెంతుని కీపర్లు చదివేసేకొద్దీ మామూలు పరుగుతో బలంగా కొట్టేవి కూడా కలపాల్సిందే. 2020 అక్టోబరులో న్యూకాసిల్ కీపర్ డార్లో ఆపింది యునైటెడ్‌లో అతను పోగొట్టిన మొదటి పెనాల్టీ. అదే మ్యాచ్‌లో తర్వాత గోల్ కొట్టి జట్టుని ముందుకు తెచ్చాడన్నది వేరే సంగతి.

రెండో ప్రమాదం మనసుది. 2021 సెప్టెంబరులో ఆస్టన్ విల్లాతో, 0-1 వెనక ఉండగా ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ. విల్లా కీపర్ ఎమీ మార్టినెస్ రొనాల్డో వైపు చెయ్యి చూపించి, నువ్వే కొట్టు అని కవ్వించాడు. బ్రూనో బంతిని బార్ మీదుగా లేపాడు. 2025 ఆగస్టులో ఫుల్హమ్‌తో కిక్‌కి ముందు రిఫరీ తగిలి ఏకాగ్రత చెదిరింది, అదీ బార్ మీదుగానే.

వీటి పక్కన 2025 ఏప్రిల్‌లో లియోన్‌తో యూరోపా లీగ్ (చాంపియన్స్ లీగ్ తర్వాతి శ్రేణి యూరప్ పోటీ) క్వార్టర్ ఫైనల్ పెట్టి చూడండి. అదనపు సమయంలో యునైటెడ్ 2-4తో వెనకబడింది. ఇక అయిపోయిందని కొందరు ఇళ్లకి బయల్దేరారు. 114వ నిమిషంలో పెనాల్టీ, బ్రూనో కొట్టాడు, 3-4. అక్కణ్నుంచి మైనూ, మగ్వాయర్ గోల్స్‌తో 5-4. అభిమానులకి గుర్తుండేది ఇదే, విల్లా మ్యాచ్ కాదు.

పోర్చుగల్ జట్టులో

2017 నవంబరులో సౌదీ అరేబియాతో అరంగేట్రం. 2016లో యూరో కప్ గెలిచిన జట్టులో ఇతను లేడు, ఆ ఏడాది రియో ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 2019, 2025 నేషన్స్ లీగ్ టైటిళ్లు మాత్రం రెండూ ఉన్నాయి. 2025లో మ్యూనిక్‌లో స్పెయిన్‌తో ఫైనల్ షూటౌట్‌లో తన పెనాల్టీ కొట్టాడు.

2022 ప్రపంచకప్‌కి పోర్చుగల్ వెళ్లిందే ఇతని వల్ల అంటే పెద్ద అతిశయోక్తి కాదు. ప్లేఆఫ్ ఫైనల్లో ఉత్తర మాసిడోనియా మీద 2-0, రెండూ ఇతనివే. ఖతర్‌లో ఉరుగ్వే మీద కూడా 2-0, మళ్లీ రెండూ ఇతనివే. కానీ మొదటిదానికి పెద్ద రచ్చ జరిగింది. ఎడమవైపు నుంచి బ్రూనో బంతిని లోపలికి వేశాడు, రొనాల్డో తల ఎత్తి ఎగిరాడు, బంతి వలలో పడింది. రొనాల్డో తనదే అని చేతులు చాచాడు. బంతి లోపల సెకనుకి 500సార్లు కొలిచే సెన్సర్ ఉంది, అందులో తల తగిలిన జాడ ఏమీ లేదు. గోల్ బ్రూనోకే రాశారు. రొనాల్డో నీడలో ఆడే మిడ్‌ఫీల్డర్ పరిస్థితి ఆ ఒక్క క్రాస్‌లో అర్థమవుతుంది. రొనాల్డో అభిమానులు కొందరు ఇప్పటికీ ఒప్పుకోరు, వదిలేద్దాం.

ఇక అతని మీద ఉన్న ఫిర్యాదులు

చాలావరకు నిజాలే. 2023 మార్చిలో లివర్‌పూల్ చేతిలో 0-7 ఓడిన రోజు అతని తీరు కెప్టెన్ బ్యాండ్‌కి తగనిది. ఆశ వదిలేసినట్టు చేతులు విసిరాడు, లైన్ రిఫరీని తోసినట్టు కనిపించాడు. అదే ఏడాది జులైలో మగ్వాయర్ నుంచి అతనికే శాశ్వత కెప్టెన్సీ ఇవ్వడం చాలామందికి రుచించలేదు. 2024 సెప్టెంబరు, డిసెంబరు మధ్య మూడు రెడ్ కార్డులు: టోటెన్‌హమ్, పోర్తో, వోల్వ్స్ మ్యాచ్‌ల్లో. వాటిలో టోటెన్‌హమ్‌ది తర్వాత రద్దయింది. రాయ్ కీన్ లాంటి పాత కెప్టెన్లు టీవీలో అతన్ని చీల్చి చెండాడారు.

అయితే ఇంకో లెక్క కూడా చూడాలి. గాయాలతో సగం జట్టు ఆసుపత్రి పాలైన సీజన్లలో ప్రతి వారం ఉన్నవాడు ఇతను. 2024 మేలో గాయంతో ఆడకపోతే, క్రిస్టల్ ప్యాలెస్‌లో యునైటెడ్ 0-4తో ఓడింది. అదే నెల 25న ఎఫ్ఏ కప్ ఫైనల్. 39వ నిమిషం: రాష్‌ఫర్డ్ మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి బంతి మార్చాడు, గార్నాచో లోపలికి ఇచ్చాడు, బ్రూనో ఆపలేదు, మైనూ వైపు చూడనూ లేదు, పాదం తిప్పి ఒక్క టచ్‌లో వదిలాడు. మైనూ కొట్టాడు. సిటీ మీద 2-1, కప్పు వచ్చింది. అంతకు ముందు 2023లో లీగ్ కప్. యునైటెడ్‌లో అతను గెలిచినవి ఈ రెండే. ఓడిన యూరోపా లీగ్ ఫైనల్స్ బాధాకరం: 2021లో విల్లారియాల్‌తో 10-11 పెనాల్టీల్లో (ఇతనిది వలలోనే పడింది), 2025లో బిల్బావోలో టోటెన్‌హమ్‌తో 0-1.

ఆ 2025 ఓటమి తర్వాత సౌదీ క్లబ్ అల్ హిలాల్ నుంచి భారీ ఆఫర్ వచ్చింది. ముప్పై దాటినవాడు, చాంపియన్స్ లీగ్ లేదు, జట్టు 15వ స్థానం. వెళ్లినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. వెళ్లలేదు. అభిమానులు ఓట్లేసి ఇచ్చే సర్ మ్యాట్ బస్బీ అవార్డు 2025 నాటికి అతనికి నాలుగుసార్లు వచ్చింది, అప్పటికి క్లబ్ చరిత్రలో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేదు. అప్పటికి డి హేయా, రొనాల్డో సమానం.

మీరే చూసి తేల్చుకోవాలంటే

హైలైట్స్ వద్దు, పూర్తి మ్యాచ్ చూడండి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకి వేసవిలో రాత్రి 7.30కి, అక్టోబరు చివర గడియారాలు మార్చాక 8.30కి వస్తుంది, నిద్ర చెడదు. అరగంట పాటు బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి. బంతి వచ్చేముందు ఎన్నిసార్లు వెనక్కి చూస్తున్నాడు, పోగొట్టిన పాస్ పక్కకి ఇచ్చిందా, డిఫెన్స్ వెనక్కి వేసిందా అన్నది విడిగా రాసుకోండి. పక్కకి ఇచ్చి పోగొడితే అది తప్పు. డిఫెన్స్ వెనక్కి వేసి పోగొడితే అది అతని ఉద్యోగం. టీవీలో చూపించే పాస్‌ల శాతం ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది, అందుకే దాని మీద వాదించడం దండగ.

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడే మన కుర్రాళ్లకి ఈ విషయం ఎప్పుడో తెలుసు. అక్కడ మిడ్‌ఫీల్డర్ గోల్‌కి 5, అసిస్ట్‌కి 3, పెనాల్టీ పోతే మైనస్ 2. పోయిన పాస్‌కి పాయింట్లు కోయరు. పెనాల్టీలు, కార్నర్‌లు, ఫ్రీకిక్‌లు మూడూ చేతిలో ఉండి, ప్రతి వారం మైదానంలో ఉండేవాడు అందుకే ఇంతమంది టీముల్లో కనిపిస్తాడు. ఒక్క జాగ్రత్త: ఏ కోచ్ అయినా అతన్ని మిడ్‌ఫీల్డ్ వెనక వరసలో నిలబెడితే, మీ ఫాంటసీ టీముకి కెప్టెన్‌గా పెట్టేముందు పెనాల్టీలు ఇంకా అతనివేనా అని చూసుకోండి.